పన్నెండో పట్టీ

పదకొండు మంది పిల్లల రక్తం ఓబులేశు మాట విన్నది. పన్నెండోది వినలేదు.

అనంతపురంలో వేరుశనగ మీద పరిశోధన చేసే ల్యాబు అది. వేరుశనగ తింటే ఒళ్లంతా దద్దుర్లు లేచి, గొంతు వాచిపోయే పిల్లలు కొందరుంటారు. గింజలోని ఏ ప్రోటీన్ వాళ్లకి పడడం లేదో కనిపెట్టడం ఓబులేశు పని. మూడేళ్లుగా ప్రొఫెసర్ దమయంతి గారి దగ్గర అదే చేస్తున్నాడు. గింజలు నూరి, ప్రోటీన్లను విడదీసి, కాగితం లాంటి సన్నని పట్టీల మీదికి ఎక్కిస్తాడు. ఒక్కో పట్టీని అలాంటి ఒక్కో బిడ్డ రక్తపు తేటలో, అంటే సీరంలో, నానబెడతాడు. పడని ప్రోటీన్ ఉన్నచోట నల్లని గీత తేలుతుంది.

పట్టీలన్నీ తెచ్చి ఆవిడ బల్ల మీద పరిచాడు. పదకొండింటి మీద అవే రెండు చోట్ల గీతలు.

"దొరికాయి మేడం. ఈ రెండు ప్రోటీన్లే."

ఆవిడ చివరి పట్టీ చేతిలోకి తీసుకున్నారు. దాని మీద ఏమీ లేదు.

"అది లిఖిత అని కదిరి పాపది. ఆరేళ్లు. ఆ పాపకి వేరుశనగ వల్ల కాదు, ఇంకేదో అయ్యుంటుంది మేడం. వేరుశనగ పెట్టొచ్చని వాళ్ల డాక్టరుకి ఉత్తరం కూడా రాసేశాను. మీరు సంతకం పెడితే చాలు."

దమయంతి గారు ఉత్తరం చదివారు. సంతకం పెట్టలేదు. ఫైల్లో నంబరు వెతికి, ఫోను కలిపి, అతని చేతికిచ్చారు.

"వాళ్లమ్మ, నాగరత్న. ఆ మాటేదో నువ్వే చెప్పు."

తనెవరో చెప్పి, పాప రక్తంలో ఏమీ కనబడలేదన్నాడు ఓబులేశు.

"అయితే పాపకి చెనిక్కాయలు పెట్టొచ్చంటారా సార్?"

ఓబులేశు బల్ల మీదున్న ఉత్తరాన్ని దగ్గరికి లాక్కున్నాడు.

"మీరు పెట్టమంటే పెడతా సార్. కాకపోతే ఆసుపత్రి వాకిట్లో కూచోని పెడతా. ఆ పొద్దు ఆటో దొరికేలోపలే పాప పెదాలు నీలంగా తిరిగిపాయ."

ఓబులేశు మేడం వైపు చూశాడు. ఆవిడ అటు తిరిగి ఏవో కాగితాలు సర్దుకుంటున్నారు.

"వద్దమ్మా. పెట్టొద్దు," అన్నాడు. తర్వాత, మూడేళ్లలో ఏ తల్లినీ అడగని మాట అడిగాడు. "ఆ రోజు పాప ఏం తినింది?"

"బెల్లం ఉండ సార్. చెనిగ్గింజలు ఎర్రగా ఏంచి నేనే చేసినా. అంతకుముందు చేన్లో పచ్చివి ఒలుచుకోని తినింది కానీ, అప్పుడేం కాలా."

ఫోను పెట్టేశాక అతనికి తట్టింది. ఇన్నాళ్లూ తను నూరినవన్నీ పచ్చి గింజలే. వేడి తగిలితే ప్రోటీన్ తీరు మారిపోతుందని జూనియర్లకి పాఠం చెప్పేదీ తనే.

ఉత్తరాన్ని చింపేశాడు. నాగరత్న చెప్పినట్టే గింజల్ని ఎర్రగా వేయించి, నూరి, పని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. నాలుగు రోజులు పట్టింది.

ఐదో రోజు లిఖిత పట్టీ మీద అడుగున ఒక గీత తేలింది. వెంట్రుకంత సన్నగా ఉంది. మిగతా పదకొండు మందిలో ఎవరికీ అక్కడ గీత లేదు.

తెచ్చి చూపించాడు. దమయంతి గారు కళ్లజోడు పైకి తోసి, పట్టీని వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశారు.

"ఏం ప్రోటీన్ ఇది?"

"తెలీదు మేడం."

ఆవిడ పక్కనున్న కుర్చీ మీద పుస్తకాలు తీసి కింద పెట్టారు.

"కూర్చో ఓబులేశూ. ఇప్పుడు మాట్లాడుకుందాం."