నలుగురి చేతి చేపనూనె

ఆ చేపనూనె మాత్రల సీసా ఎక్కడిదక్కడ పెట్టెయ్ చందూ. పసుప్పచ్చగా మెరుస్తోంది కదాని దొర్లించి ఆడడానికి అది గోళీ కాదు. పెట్టావా? ఇప్పుడొచ్చి పడుకో. లహరీ, కాళ్ళు ముడుచుకుని వాడికి చోటియ్యి. ఊ కొట్టాలి మరి. ఊ కొట్టని వాళ్ళకి నేను కథ చెప్పను.

అనగనగా ఉప్పుగాలి కొట్టే ఒక ఊళ్ళో సన్యాసయ్య అని ఒక పెద్దమనిషి. ఆయన పెళ్ళాం దాలమ్మ. కొడుకు ఎర్రన్న, కోడలు పైడితల్లి, ఐదేళ్ళ మనవరాలు మంగతాయి. ఆ ఇంట్లో అన్నానికి లోటు లేదు, మాటకే లోటు. ఎప్పుడో పులుసులో ఉప్పు దగ్గర మొగుడికీ పెళ్ళానికీ మాట తెగింది. ఇద్దరూ పిల్లితో మాట్లాడేవారు. "పిల్లీ, నాకు మజ్జిగ పొయ్యమని చెప్పు" అని ఆయన. "పిల్లీ, ముంత అక్కడే ఉంది, చేతులు పడిపోయాయేమో అడుగు" అని ఆవిడ. ఎర్రన్నదా, ఎవరు ముందు కేకేస్తే వాళ్ళ పక్షం. నవ్వకండి. అలాంటి ఇళ్ళు ఇప్పుడూ ఉన్నాయి, పిల్లులే లేవు.

ఇలా ఉండగా మంగతాయికి రేచీకటి వచ్చింది. పగలంతా లేడిపిల్ల. పొద్దు గూకితే గుమ్మానికి గుద్దుకునేది, నీళ్ళకుండ తన్నేది, అమ్మా అమ్మా అని చేతులు చాచి గాలిని తడుముకునేది. పైడితల్లి చేపలు పట్టేవాళ్ళ వాడకి వెళ్ళి అక్కడి ముసలమ్మని అడిగింది. ఆవిడ సొరచేప కార్జం కరిగించి తీసిన నూనె ఇచ్చింది. మీ సీసాలోదీ అలాంటిదే, ఏదో చలిసముద్రపు చేపది. రోజూ ఉగ్గుగిన్నె అడుగు తడిసేటంతే పట్టు, చూపు రాగానే ఆపెయ్యి, ఇది మందు, కూర కాదు అంది. నువ్వు నీళ్ళోసుకుంటే మాత్రం ముట్టుకోకు, కడుపులో బిడ్డకి చేటు అని కూడా చెప్పింది.

ఊ కొడుతున్నారా? ఆఁ.

ఇక చూడండి. నూనె తాగింది మంగతాయి. ఆ కంపుకి మంగతాయి వెంట పిల్లి, పిల్లి వెంట కుక్క, కుక్క వెంట కర్రతో సన్యాసయ్య, కర్ర వెంట తిట్లతో దాలమ్మ. కొన్నాళ్ళకి ఒక సందెవేళ పిల్ల అరుగు మీద నిలబడి, అమ్మా, అదుగో చుక్క అంది. పైడితల్లి చుక్కని చూడలేదు. పిల్ల కళ్ళే చూస్తూ ఏడ్చింది.

కథ అక్కడ ఆగితే బాగుండేది. మనుషులు ఆగనిస్తారా?

పిల్లకి చూపొచ్చింది నా మొక్కువల్లే అని దాలమ్మ చాటుకుంది. నా పుణ్యంవల్లే అని సన్యాసయ్య వీధరుగు మీద చెప్పుకున్నాడు. అంతటితో ఊరుకోలేదు. ఎవరికి వారు వాడకెళ్ళి నూనె తెచ్చుకున్నారు. ఎవరి సీసా వాళ్ళది, ఎవరి మూల వాళ్ళది. పొద్దున్నే వంటింట్లో దాలమ్మ పిల్లకి ఒక గరిటె పట్టింది, మీ తాతకి చెప్పకు అంది. మధ్యాహ్నం కొట్టుగదిలో సన్యాసయ్య ఒక గరిటె పట్టాడు, మీ నాయనమ్మకి చెప్పకు అన్నాడు. సాయంత్రం ఎర్రన్న, చుక్క నూనెకే చూపొస్తే గరిటెకి ఏనుగు బలం రాదా అని పెరట్లో ఒక గరిటె పట్టాడు, ఎవరికీ చెప్పకు అన్నాడు. పిల్ల చెప్పలేదు. పెద్దల మాట వినే పిల్ల మరి. పైడితల్లి మాత్రం తక్కువదా? ఆపమన్న మాట తెలిసీ, చూపు మళ్ళీ పోతుందేమోనన్న భయంతో తన ఉగ్గుగిన్నె ఆపలేదు.

పిల్ల పెదవులు పగిలాయి. దువ్వెన పెడితే జుట్టు ఊడివచ్చింది. తల పట్టుకు కూర్చునేది, తిన్నది కక్కేది, కాళ్ళు ముట్టుకుంటే కెవ్వుమనేది. దయ్యం పట్టిందని దాలమ్మ వేపమండలు విరిచింది. నీరసమని తలచి ముగ్గురూ ఎవరికి వారు గరిటె మీద ఇంకో గరిటె కలిపారు. పిల్ల మంచం దిగలేకపోయింది.

పైడితల్లి బెదిరి తన గిన్నె ఆపేసింది. ఆపినా పిల్ల నోట అదే వాసన. పిల్లి ఇంకా మంచం కిందే. ఎవరు పడుతున్నారని అడిగితే, నాకేం తెలుసు అని ముగ్గురూ. పిల్లని అడిగితే కళ్ళు మూసుకుంది.

అప్పుడు కోడలు అరవలేదు, ఏడవలేదు. తమలపాకులూ వక్కలూ కొత్త బట్టలూ పళ్ళెంలో సర్ది, పిల్ల మంచం పక్కన పెట్టి ముగ్గుర్నీ పిలిచింది. రోజూ నూనె పట్టి పిల్లకి చూపు తెప్పించిన చేతికి ఊరంతా చూస్తుండగా తాంబూలమిస్తాను, ఆ పుణ్యాత్ములెవరో చెప్పండి అంది.

"నేనే! పొద్దున్నే పడుతున్నా" అని దాలమ్మ.

"పిల్లీ, ఆవిడవి కోతలు. మధ్యాహ్నం పట్టేది నేను, ఆవిడ కంటే పెద్ద గరిటెతో" అని సన్యాసయ్య.

"మీ గరిటెలు ఏపాటివి? నాది పొంగిపొర్లుతుంది" అని ఎర్రన్న.

పైడితల్లి పళ్ళెం తీసేసింది. "మీరు ముగ్గురు, నాతో నలుగురం. ఒక చేతిలో మందు, నలుగురి చేతుల్లో విషమైంది. ఎవరికీ తాంబూలం లేదు" అంది.

అప్పుడు వినాలర్రా ఆ ఇంట్లో మాటలు! నాది చిన్న గరిటె అని ఆయన. నాది సగం కింద ఒలికిపోయింది అని ఆవిడ. నేను మొన్ననే మొదలెట్టాను అని ఎర్రన్న. పిల్ల బాగుపడినప్పుడు అన్ని చేతులూ లేచాయి. పిల్ల పడిపోయినప్పుడు ఒక్క చెయ్యీ లేదు. మంచం మీద అది మూలుగుతుంటే ఒక్కరూ అటు తిరగలేదు.

సీసాలన్నీ పైడితల్లే పారబోసింది. గంజీ పాలూ పట్టింది, పక్కనే కూర్చుంది. నెలలు పట్టింది కానీ పిల్ల లేచింది. జుట్టొచ్చింది, నడకొచ్చింది, అరుగు మీదికొచ్చి మళ్ళీ చుక్కని చూసింది. అందరూ సంతోషించారు. దాలమ్మా సన్యాసయ్యా మాట్లాడుకున్నారు కూడా. తప్పెవరిదో తేల్చుకోవాలిగా, అది పిల్లివల్ల అయ్యే పని కాదు. మంగతాయి మాత్రం ఆ తర్వాత ఎవరు ఏం పెట్టినా, నోట్లో వేసుకునేముందు అమ్మ ముఖం చూసేది.

మంచిదానికీ కొలతుంది. చాటుగా పెట్టేది ప్రేమ కాదు, గొప్ప. తెలిసిందా? చందూ, ఊ అనకుండా ఆ దుప్పటి నములుతావేంరా?

"అమ్మమ్మా, పొద్దున అమ్మ మాత్ర ఇస్తుందా... సాయంత్రం నాన్న ఇంకోటి ఇస్తాడు. చదువు బాగా వస్తుందట. అమ్మకి చెప్పొద్దన్నాడు."

"రోజూనా?"

"ఊ."

ఈ ఒక్క ఊ కోసమా ఇంత కథ చెప్పింది! లే. లహరీ, లైటు వెయ్యి. కథని కంచికి ఒక్కదాన్నే పోనీండి. మనం ముందు మీ నాన్న దగ్గరికి.