చెర్రీ చెట్టుకు తొడిగిన ఫెరన్

షాబాన్ నాటిన చెర్రీ చెట్టు ఏటా మొగ్గ తొడుగుతుంది, పూయదు. అతని బాధల్లా అదే.

కశ్మీరులో ఓ కొండకింద దర్గా. అక్కడి తోటలో పనిచేస్తూ పీర్ యాసీన్ దగ్గర శిష్యరికం చేసేవాడు షాబాన్. అతని చిన్నారి కూతురు జూనీ ఓ చలికాలం నెమ్ము చేసి పోయింది. ఆ పిల్ల పేరు మీద నాటాడు ఆ చెట్టుని. పండు కాయని రకం, ఉత్త పూలచెట్టు. ఎంత మంచులోనైనా బతికే మొండి జాతి. "కాయా పండూ లేనిదానికి ఇంత సేవేమిటయ్యా" అని దర్గాకొచ్చేవాళ్లు ఆటపట్టించేవాళ్లు. పాపం, అతను చెవిన వేసుకుంటేగా.

మంచు మొదలైందంటే చాలు, ఇక చెట్టును వదిలేవాడు కాదు. మొదలు చుట్టూ గడ్డి కట్టేవాడు. ఒంటిమీది ఫెరన్, అదే, మోకాళ్లు దాటే ఆ ఉన్ని అంగీ, తీసి కొమ్మలకు తొడిగేవాడు. తను కాచుకోవాల్సిన నిప్పుల కుండను, వాళ్లు కాంగ్డీ అంటారు, చెట్టుకింద పెట్టేవాడు. ఆ వెచ్చదనానికి మొగ్గలు తొందరపడి ఉబ్బేవి. చలిగాలి ఒక్కసారి తగిలితే నల్లగా మాడిపోయేవి.

ఆ ఏడూ మాడాయి. షాబాన్ వెళ్లి గురువు ముందు కూలబడ్డాడు.

"బాబా, కంటికి రెప్పలా చూసుకుంటున్నాను. ఇంకా ఏం తక్కువ చేశాను? ఇది కూడా నా చేతుల్లోంచి జారిపోతుందా?"

పీర్ యాసీన్ లేచాడు. ముసలాయన, కర్ర పోటేసుకుంటూ మంచులోకి నడిచాడు. షాబాన్ పళ్లు టకటకలాడుతుండగా వెనకే వెళ్లాడు.

గురువు గడ్డి విప్పేశాడు. కాంగ్డీని పక్కకు జరిపాడు. కొమ్మల్లోంచి ఫెరన్‌ను మెల్లగా లాగాడు.

"వద్దు బాబా. చలికి చచ్చిపోతుంది," అంటూ షాబాన్ చేతులు అడ్డం పెట్టాడు.

ముసలాయన ఆ ఫెరన్‌ను దులిపి, పసివాడికి తొడిగినట్టు షాబాన్ తలమీంచి తొడిగాడు. చేతులు ఒక్కొక్కటే లోపలికి దూర్చాడు. కాంగ్డీ తెచ్చి అతని చేతికిచ్చాడు.

"ఇది చెట్టు నాయనా. దీనికి చలి కావాలి, చలి తగలందే పూయదు. చలి వేస్తున్నది నీకు."

జూనీ పోయిన రోజు కూడా ఏడవని మనిషి, గురువు భుజం మీద తలపెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు.

మంచు కురుస్తూనే ఉంది. చెట్టు మీద కూడా కురిసింది. ఈసారి షాబాన్ అడ్డం వెళ్లలేదు.