అంకమ్మ మెడలో అరిగిన కాసు

ఒకానొక రాజ్యంలో రాజుగారి కంటే ఆయన మీసానికే పలుకుబడి ఎక్కువ. రాజ్యం పేరు మణిమేడు, రాజు పేరు ప్రచండవర్మ. పట్టం కట్టుకున్న ఏడాదే ఆయన టంకశాల వాళ్ళను పిలిపించి తన బొమ్మతో బంగారు కాసులు వేయించాడు. బొమ్మలో మీసం ఎంత ఎత్తుగా ఉండాలో దగ్గరుండి చెప్పాడు. పనివాళ్ళు భయంకొద్దీ ఇంకాస్త ఎత్తే లేపారు. దాంతో ఆ కాసును చెంగున ముడేస్తే చెంగు చిరిగేది, సంచిలో వేస్తే సంచి చిరిగేది.

అంతవరకూ బాధ బట్టలకే. మనుషుల మీదికి రాలేదు.

ఒకనాడు రాజుగారు ఊరేగింపులో వెళుతూ ఆడవాళ్ళ మెడల్లోని కాసులపేర్లు చూశాడు. అన్నీ పాత కాసులే. ఎప్పుడో ఏలి వెళ్ళిపోయిన రాజుల ఏనుగులు, చేపలు, ఎద్దులు. తన మీసం ఒక్క మెడలోనూ లేదు. ఆ పూట ఆయనకు అన్నం సయించలేదు.

మర్నాడు ఆస్థాన పండితుడు విద్యాభూధరశాస్త్రిగారిని సలహా అడిగాడు. శాస్త్రిగారికి తెలియనిదంటూ లేదు. "తెలియదు" అన్న మాట ఒక్కటే ఆయనకు తెలియదు.

"ప్రభూ! మెడలో ఎవరి ముద్ర ఉంటే మనిషి వారి మనిషి. మీ ఉప్పు తింటూ మీ ప్రజలు చచ్చిపోయిన రాజులకు ఊడిగం చేస్తున్నారన్నమాట!" అన్నారు శాస్త్రిగారు.

ఇంకేముంది, చాటింపు పడింది. పరాయి రాజు ముద్ర ఉన్న కాసు ఏదీ ఎవరి మెడలోనూ ఉండరాదు. టంకశాలలో ఇచ్చేసి, సరిగ్గా అంతే బంగారానికి రాజుగారి కాసులు తీసుకుపోవాలి. బంగారానికి బంగారం వస్తుంది కదా, నష్టమేముంది అని చాలామంది సరిపెట్టుకున్నారు.

సరిపెట్టుకోనిది మంత్రసాని అంకమ్మ. ఆమె కాసులపేరు బొడ్డుదాకా వేలాడేది. "నన్ను కరిగించండి, దీన్ని కాదు" అని భటులతో తెగేసి చెప్పింది. వాళ్ళు ఆమెను సభకు పట్టుకొచ్చారు.

రాజుగారి పక్కన అడపం సింగన్న నిలబడి ఉన్నాడు. తమలపాకుల పెట్టె పట్టుకుని, వేళకు ఆకులు చుట్టి అందించడం అతని కొలువు. భటుల మధ్య తడుముకుంటూ నడిచి వస్తున్న ముసలిదాన్ని చూసేసరికి అతని గుండె చెరువైంది. అతన్ని ఈ లోకంలోకి తెచ్చింది ఆ చేతులే. వాళ్ళమ్మ బతికినన్నాళ్ళూ పొద్దున్న లేచి దేవుడికి దండం పెట్టాక అంకమ్మ ఇంటివైపు తిరిగి ఇంకో దండం పెట్టేది.

మణిమేడులో ఒక ఆచారం ఉంది. బిడ్డ క్షేమంగా పుడితే ఆ ఇంటివాళ్ళు పాత కాసు ఒకటి తీసి, పేరులో గుచ్చుకోవడానికి దానికి కొంకి అతికించి మంత్రసానికి ఇస్తారు. కొంకి అతికించిన కాసును బజారులో ఎవరూ తీసుకోరు. అందుకే అతికిస్తారు. అది కూలి కాదు, మెడలో ఉండాల్సిన కృతజ్ఞత.

"ఎందుకివ్వవు ముసల్దానా?" అని గద్దించాడు రాజు.

"చూపు పోయింది మారాజా. నా పిల్లలు నాకు వేళ్ళకే కనిపిస్తారు. ఇవి కరిగించి కొత్తవిస్తే నేనెవర్ని చూసుకోను?"

రాజుగారికి ఆ మాట బోధపడలేదు. కుంపటితో సిద్ధంగా ఉన్న టంకశాల వాడికి సైగ చేయబోయాడు. సింగన్న ఆకుచుట్ట అందిస్తూ అడ్డం వచ్చాడు.

"ప్రభూ, చాటింపులో ఉన్నది పరాయి రాజు ముద్ర ఉన్న కాసు అని. ఎవరి ముద్రో తేల్చకుండా కరిగిస్తే రేపు ఎవడైనా వేలెత్తి చూపుతాడు. మన శాస్త్రిగారు ఉండనే ఉన్నారు. ఒక్కో కాసూ చూసి ఏ రాజుదో చెప్పమనండి. వారు సరిగ్గా చెప్పినవి కుంపట్లోకి. వారు చెప్పలేనివి ఎవరు చెప్పగలిగితే వారివి."

"శాస్త్రిగారు చెప్పలేనివా!" అని రాజు పడీపడీ నవ్వాడు. "సరే, అలాగే కానీ."

సింగన్న అంకమ్మ దగ్గరికి వెళ్ళాడు. "అవ్వా, ఒక్క గడియ నాకియ్యి."

"పోగొట్టకురా సింగా," అంది అంకమ్మ, కాసులపేరు తీసి అతని చేతిలో పెడుతూ.

"నా కాసు కూడా ఇందులోనే ఉంది కదే. ఎలా పోగొడతాను?"

ఆకులకు రాసీ రాసీ సింగన్న చూపుడువేలికి సున్నం ఎప్పుడూ అంటుకునే ఉంటుంది. ఆ వేలితో మొదటి కాసు వెనకవైపు మెల్లిగా తాకి, కాసులపేరును శాస్త్రిగారి ముందు పట్టుకున్నాడు.

శాస్త్రిగారు నడుం వంచి చూశారు. కాసు చింతపిక్కలా నున్నగా ఉంది. నలభై యాభై ఏళ్ళు ఒక మెడలో ఉన్న కాసు మీద రాజు మిగులుతాడా? అయినా ఆ ఒక్క మాటా ఆయనకు రాదాయె.

"ఇది గజవర్మ కాసు. ఇదిగో తొండం" అన్నారు గంభీరంగా. రాయసగాడు రాసుకున్నాడు.

సింగన్న ఒక్కో కాసే ముందుకు జరుపుతూ వచ్చాడు. శాస్త్రిగారు ఒక్కో రాజును పిలుస్తూ పోయారు. కాసులపేరు చుట్టూ తిరిగి మళ్ళీ మొదటి కాసే వచ్చింది.

"ఇది మత్స్యవర్మది. ఇదిగో తోక."

ఇంకోసారి తిరిగింది.

"వృషభవర్మ! కొమ్ము ఎంత స్పష్టంగా ఉందో చూడండి."

సింగన్న ఆ కాసును అలాగే వెనక్కి తిప్పి రాజుగారికి చూపించాడు. తెల్లటి సున్నపు చుక్క.

"మొదట గజవర్మ అన్నప్పుడే ఈ చుక్క పెట్టాను ప్రభూ. మూడుసార్లూ వచ్చింది ఈ కాసే. గజవర్మ, మత్స్యవర్మ, వృషభవర్మ ముగ్గురూ దీని మీదే సర్దుకుని కూర్చున్నట్టున్నారు. పాపం, ఎంత ఇరుగ్గా ఉందో!"

సభ గొల్లుమంది. రాజుగారి మీసం కూడా కొంచెం కదిలింది.

"ఇంతగా అరిగిన కాసుల్ని ఎవరు మాత్రం గుర్తుపడతారు?" అన్నారు శాస్త్రిగారు, వంగిన నడుముతోనే.

సింగన్న కాసులపేరు తీసుకెళ్ళి అంకమ్మ చేతిలో పెట్టాడు. ఆమె వేళ్ళు కాసుల మీద నడిచాయి.

"ఇది కుమ్మరి నరసాయి కూతురు. వానలో పుట్టింది. ఇది మన సేనాపతి బాబు. పుట్టి ఏడవలేదు. పిల్లి అరిస్తే అప్పుడు ఏడ్చాడు."

జనం నవ్వారు. సేనాపతి మాత్రం నవ్వలేదు. ఆసనం దిగి వచ్చి ముసలిదాని ముందు తలవంచి నిలబడ్డాడు.

"ఇది సింగడు. ఇదీ..."

వేళ్ళు ఆగిపోయాయి. "ఇది చెప్పకూడదు. మాటిచ్చాను."

"ఎవరికి?" అన్నాడు రాజు.

"మీ అమ్మగారికి."

"ఆమె కొడుకుగా అడుగుతున్నాను, చెప్పు" అన్నాడు రాజు. ఈసారి గద్దింపు లేదు.

"ఎదురుకాళ్ళ బిడ్డ. బొడ్డుపేగు మెడకు చుట్టుకుంది. ఒళ్ళంతా నీలం. రాజవైద్యులు చేతులెత్తేసి బయటికి పోయారు. నేను ఉయ్యాలలా ఊపి, నోట్లో ఊది, తిట్టి, బతిమాలి... ఎంతకో ఏడిచాడు. రాణీగారు తన మెడలో కాసులపేరు తెంపి ఈ కాసు నాకిచ్చారు. 'అంకమ్మా, ఎదురుకాళ్ళతో పుట్టాడని ఎక్కడా అనకు. ఊళ్ళో నడుములు పట్టినవాళ్ళంతా నా బిడ్డ చేత తొక్కించుకోవడానికి వరస కడతారు' అన్నారు."

ఎదురుకాళ్ళతో పుట్టినవారి కాలు తగిలితే నడుం పట్టు వదులుతుందని ఆ దేశంలో నమ్మకం. రాజుగారు సింహంలా కళ్ళు తెరిచి పుట్టారని శాస్త్రిగారు రాసిన చరిత్ర సంగతి ఎవరూ ఎత్తలేదు.

సింగన్న చేతులు జోడించాడు. "ప్రభూ, మెడలో ఎవరి ముద్ర ఉంటే మనిషి వారి మనిషని శాస్త్రిగారు సెలవిచ్చారు. అవ్వ మెడలో ముప్పై ఎనిమిదేళ్ళుగా మీ కాసు ఉంది. మీకింకా మీసం మొలవకముందు నుంచీ."

ప్రచండవర్మ సింహాసనం దిగాడు. ఆ కాసును చేతిలోకి తీసుకున్నాడు. దాని మీద ఏ రాజూ లేడు. తల్లి మెడలో కొన్నాళ్ళు, ఈ ముసలమ్మ మెడలో ఇన్నేళ్ళు అరిగిన వెచ్చటి బంగారం. ఆయన కళ్ళు నిండాయి.

"నేను ఏడ్చినప్పుడు అమ్మ ఏం చేసింది?"

"నవ్వింది బాబూ. నేనూ నవ్వాను."

చాటింపు ఆ పూటే రద్దయింది. సింగన్నకు వెండి సున్నపుకాయ బహుమానంగా దొరికింది. రాజుగారు తన కొత్త కాసు ఒకటి తీసి, అక్కడికక్కడే కొంకి అతికింపించి, అంకమ్మ మెడలో తన చేత్తో వేశాడు.

"అమ్మ తన వంతు ఇచ్చింది. నేను బతికి కూడా ఇన్నాళ్ళూ నా వంతు ఇవ్వలేదమ్మా" అన్నాడు.

అంకమ్మ దాన్ని తడిమి చూసి చటుక్కున వేలు వెనక్కి తీసుకుంది. "మీసం గుచ్చుకుంటోంది బాబూ."

"అరగదీయించనా?"

"వద్దులే. నా మెడలో ఉంటే అదే అరుగుతుంది."

అందరికంటే గట్టిగా నవ్వింది రాజుగారే. నవ్వీ నవ్వీ పక్కకు చూస్తే శాస్త్రిగారు ఇంకా వంగే ఉన్నారు. కాసుల మీదికి వంగిన నడుము పట్టేసి, లేవడం లేదు.

"శాస్త్రిగారూ, నా కాలు తగిలితే తగ్గుతుందంటారా?"

"తెలియదు ప్రభూ" అన్నారు శాస్త్రిగారు, జన్మలో మొదటిసారి.

రాజుగారు నవ్వాపుకోలేక మోజడి విప్పి కాలెత్తాడు.

"మెల్లిగా బాబూ" అంది అంకమ్మ.