తోకవెంట్రుక ముడి

అనగనగా, వాగులూ వంకలూ కూడా వరసలు కలిపి పిలుచుకునే కాలంలో, ఒక నేరేడు చెట్టు తొర్రలో చారలమ్మ అనే ముసలి ఉడుత ఉండేది. ఆమె కూతురు పొన్నికి వాగు అవతల కాపురం. పొన్నికి నెలలు నిండాయి. తొలి కాన్పు.

వాగు దాటడానికి ఉన్నది ఒక్క దుంగ. వరదొస్తే అదీ మునిగిపోతుంది. "నొప్పులు మొదలవగానే కబురు పెట్టు తల్లీ, వచ్చేస్తాను" అని చెప్పింది చారలమ్మ. మరి కబురు మోసేదెవరు? ఆమెకున్నవి పదే పది వేరుశనగ గింజలు. అవీ బాలింతకు పెట్టాలని పుట్ట వెనక దాచినవి.

మొదట రామచిలుక వచ్చింది. "నీ దగ్గర కూలి తీసుకుంటానా పిన్నీ? నాది ఉచితం!" అంది.

చారలమ్మ మురిసిపోయింది. పనసాకు మీద పంటితో గాట్లు పెట్టి, "పొన్నీ, నీకోసం పుట్ట వెనక గింజలు దాచాను" అని రాసింది. ఉడుతలు ఉత్తరం చుట్టి, తమ తోకవెంట్రుకతోనే ముడి వేస్తాయి. అది వాటి ఆచారం. చిలుక దారిలోనే ముడి విప్పింది, చదివింది, కొమ్మకొమ్మకూ చెప్పింది. సాయంత్రానికి పుట్ట వెనకంతా ఎలుకలే! నాలుగు గింజలు మిగిలాయి.

"ఊరికే వచ్చిందని గంతులేశావుగా వదినా!" అని దెప్పింది పక్కింటి కప్ప.

"నిజమే వదినా. ముందు చిన్న ఉత్తరమిచ్చి చూడాల్సింది" అంది చారలమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

తరవాత రాజహంస వచ్చింది. "గజ్జెలు మోగిస్తూ వంద ఉత్తరాలు మోస్తాను. నాలుగు గింజలూ ముందే ఇవ్వాలి."

"నాకున్నది ఒక్క కూతురు నాయనా. వంద ఉత్తరాలు ఎవరికి రాయను? అన్నీ నీకిచ్చేస్తే బాలింతకేం పెట్టను?"

చివరికి పావురం వచ్చింది. బూడిద రంగు, గజ్జెల్లేవు. "రానూపోనూ ఒక్క గింజ అత్తా. జోరువానలో మాత్రం ఎగరలేను. తెరిపివ్వగానే బయల్దేరతాను. ముందే చెబుతున్నా."

చారలమ్మ ఈసారి తొందరపడలేదు. "బాగున్నావా?" అని మాత్రం రాసి పంపింది. మర్నాడే జవాబొచ్చింది. పొన్ని వేసిన ముడి చెక్కుచెదరలేదు. లోపల, "నీ ముడీ అలాగే అందిందమ్మా" అని ఉంది. చారలమ్మ ఇంకో గింజ ఇచ్చి, "వాగవతలే ఉండు నాయనా, నొప్పుల కబురు నువ్వే తేవాలి" అంది.

నాలుగో రోజు పొద్దున్నే కుండపోత. మధ్యాహ్నం వాన తెరిపిచ్చిందో లేదో, తడిసిన రెక్కలతో పావురం వాలింది. చిన్న ఆకు మీద ఒకే ఒక్క మాట: "రా."

చారలమ్మ దుంగ మీద పరుగెత్తింది. నీళ్లు కాళ్లను తాకుతున్నాయి. ఆమె అవతలి గట్టెక్కగానే దుంగ మునిగిపోయింది.

పొద్దువాలేలోగా ముగ్గురు మనవలు పుట్టారు. చారలమ్మ మిగిలిన రెండు గింజలనూ మెత్తగా నమిలి కూతురి నోట్లో పెట్టింది.

"ఇంతకన్నా తేలేకపోయానే తల్లీ."

"నువ్వొచ్చావు కదమ్మా" అంది పొన్ని.

అందుకే పిల్లలూ, ఉచితమని మురిసిపోకండి, ఆర్భాటం చూసి ఉన్నదంతా ధారపోయకండి. మీకేం కావాలో తెలుసుకుని, చిన్న పనితో పరీక్షించి, చేయగలిగిందే చెప్పి చెప్పింది చేసేవారికే మీ మాట అప్పగించండి.