ఉప్పుకాలవకు అటూ ఇటూ

సముద్రం నేలలోకి నాలుక చాపినట్టు ఒక ఉప్పుకాలవ ఉండేది. దానికి ఇవతలి ఒడ్డు తోడేలు రాజ్యం, అవతలి ఒడ్డు దుమ్ములగొండి రాజ్యం. రెండు ఒడ్ల మీదా ఉప్పు మడులే. వెన్నెలను పట్టపగలు తెచ్చి నేల మీద ఆరబోసినట్టు తెల్లగా మెరిసిపోయేవి. దూరం నుంచి చూసేవాళ్లకి అంత అందమైన చోటు ఇంకోటి లేదు. దగ్గరికి వెళ్లి మోసేవాళ్లకి అంత మండే చోటూ ఇంకోటి లేదు.

ఇవతల గాడిదలు ఉప్పు బస్తాలు మోసేవి. అవతల ఎద్దులు ఉప్పు బళ్లు లాగేవి. సముద్రంలో కలిసే చోట, కాలవ మొగలో ఆగే పడవ దగ్గరికి ఎవరి ఉప్పు ముందు చేరితే వాళ్లదే ముందు పడవ ఎక్కేది, మిగిలిన చోటే రెండోవాళ్లకి. అందుకని తోడేలు తన గాడిదలతో, "అవతల ఎద్దులు మిట్టమధ్యాహ్నం కూడా ఆగట్లేదు, మీకేం రోగం?" అనేది. దుమ్ములగొండి కూడా అదే మాట గాడిదల పేరు పెట్టి ఎద్దులతో అనేది. కాలవ దాటి అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు పోకూడదని మాత్రం ఇద్దరు రాజులూ ఒకే ఆజ్ఞ వేశారు. ఆ ఒక్క విషయంలో వాళ్లకి భలే సఖ్యం.

గాడిదల వరసకి ముందు నడిచేది చామంతి. దాని మెడలో ఇత్తడి గంట ఉండేది. ఉప్పు తెలుపు మీద ఎండ పడితే కళ్లు పోతాయి గనక, వెనక గాడిదలన్నీ కళ్లు మూసుకుని ఆ గంట చప్పుడు పట్టుకునే నడిచేవి. గంట మోగిందంటే వరస కదిలినట్టు, ఆగిందంటే వరస ఆగినట్టు. ఆ చప్పుడు అవతలి ఒడ్డుకీ వినబడేది. అవతలి ఎద్దుబళ్ల ఇరుసుల కిర్రు ఇవతలికి వినబడేది. మధ్యాహ్నం వేడి ఆవిర్లలో ఒక ఒడ్డుకి ఇంకో ఒడ్డు కనబడదు. ఆ వేళ ఉండేవి చప్పుళ్లే.

అవతలి ఒడ్డున చామంతికి ఒక ఆత్మబంధువు ఉన్నాడు. ఎర్రన్న అనే ముసలి ఎద్దు. సాయంత్రం గాలి చల్లబడ్డాక ఇద్దరూ చెరో ఒడ్డునా నిలబడి గొంతెత్తి కబుర్లాడుకునేవాళ్లు. ఒక్కసారైనా దగ్గరగా చూసుకున్నది లేదు. అయినా ఆకాశం ఎర్రబడే వేళకి, ఆ ఎరుపులో ఎర్రటి బొమ్మలా అతను వచ్చి నిలబడితే చాలు, చామంతికి వీపు మీద పుండ్లు కూడా గుర్తుండేవి కావు.

"మావా, తిన్నావా?"

"తిన్నాను పిల్లా. గడ్డి అని చెప్పి వేశారు. గడ్డో కాదో అది వేసినవాడికే తెలియాలి."

"మాకు ఆ అనుమానం లేదులే. మాకు అసలు వెయ్యరు."

ఇలా నవ్వుకునేవాళ్లు. కాని ఎండలు ముదిరిన ఒక సాయంత్రం ఎర్రన్న నవ్వలేదు.

"ఇవాళ నడిమధ్యాహ్నం కళ్ల ముందు లోకమంతా నల్లబడింది పిల్లా. పోయినేడు నా జత ఎద్దు కూడా ఇలాగే చెప్పాడు. మూడో రోజున కాడి కిందే పడిపోయాడు."

"అలా అనకు మావా, నా గుండె ఆగిపోతుంది."

"అనకపోతే ఎండ తగ్గుతుందా? ఆ మిట్టమధ్యాహ్నం కాసేపు కాడి దింపనిచ్చారా, ఈ వేసవి గట్టెక్కుతాను. దింపనివ్వలేదా, గట్టెక్కను. అంతే సంగతి."

ఆ మాట కాలవ బురదలో పురుగులు ఏరుకుంటున్న ఉల్లంకి పిట్ట విన్నది. ఏటా చలికాలం మంచుదేశాల నుంచి ఎగిరొచ్చి, ఎండలు ముదరగానే తిరిగి వెళ్లిపోయే పిట్ట అది. కాళ్లు సన్నం, ముక్కు పొడుగు, మాట ఇంకా పొడుగు.

"ఏమర్రా, మీకు ఇంకా నీడ కట్టుబాటు రాలేదా?" అంది.

"అదేంటి?" అంది చామంతి.

"నేను వచ్చే దారిలో ఇసకదేశం ఉంది. అక్కడ ఒంటెలు ఏం చేస్తాయో తెలుసా? నీడ కాళ్ల కిందికి రాగానే మోకాళ్లు మడిచి కూలబడతాయి. ఆ నీడ మళ్లీ ఒంటి పొడవు సాగేదాకా ఎవరు పిలిచినా లేవవు. కొండదేశంలో కంచరగాడిదలూ అంతే. మంచుదేశంలో బండి లాగే దుప్పులు ఉన్నాయి. అక్కడ ఎండ ఏడిస్తేగా! వాటికి చలిగాలి వేళ విడుపు."

"వాళ్ల దొరలు ఒప్పుకున్నారా?"

"భలేదానివే. ఊరికే ఎవడు ఒప్పుకుంటాడు? కొరడాలు విరిగాయి. కొన్ని ప్రాణాలూ పోయాయి. ఒక దేశంవాళ్లు కూలబడితే పక్క దేశంవాళ్లని తోలుకొచ్చారు. ఆ పక్క దేశంవాళ్లు కూడా కూలబడిన రోజున ఒప్పుకున్నారు."

గాడిదల్లో పెద్దవాడు గంగులు ముక్కు ఎగబీల్చాడు. "పిట్టమ్మా, ఎగిరేవాళ్లు ఎన్నైనా చెప్తారు. మా నాలుగు కాళ్లూ నేల మీద ఉన్నాయి."

"అందుకే తాతా, ఆ నాలుగు కాళ్లూ ఒక్కసారే మడవమంటున్నాను."

చామంతికి ఆ సాయంత్రమంతా ఒళ్లు తేలిపోయినట్టుంది. తనెన్నడూ చూడని ఒంటెల మీద దానికి ప్రేమ పుట్టుకొచ్చింది. ఎక్కడో ఇసకలో అవి మోకాళ్లు మడిచి కూర్చుంటాయి, ఎక్కడో మంచులో దుప్పులు తల తిప్పి ఆవిరి వదులుతాయి, ఇక్కడ తను కూర్చుంటుంది, అక్కడ మావ కూర్చుంటాడు. లోకమంతా ఒకే నీడలో కూర్చున్నట్టు అనిపించి కళ్లు చెమర్చాయి.

మూడు రోజులు ఉల్లంకి పిట్ట అటూ ఇటూ ఎగిరి మాట కుదిర్చింది. వచ్చే అమావాస్య నాడు పెద్ద పడవ వస్తుంది. ఆ రోజు నీడ కాళ్ల కిందికి రాగానే రెండు ఒడ్లూ కూలబడాలి. గంట మోగకూడదు, ఇరుసు కిర్రుమనకూడదు. "ఆ నిశ్శబ్దమే మీకు ఒకరి దగ్గర్నుంచి ఒకరికి వచ్చే ఉత్తరం" అని చెప్పి, తన గుంపు కదిలిపోతోందని, చెప్పాల్సిన రేవులు ఇంకా చాలా ఉన్నాయని, ఉత్తరానికి ఎగిరిపోయింది.

ఈ మాటలన్నీ తోడేలు దగ్గర మేస్త్రీ చేసే నక్క చెవిన పడ్డాయి. నక్క అరవలేదు, కొట్టలేదు, తోడేలుకి చెప్పనైనా చెప్పలేదు. అమావాస్య పొద్దున వేపనూనె ముంచిన గుడ్డ పట్టుకుని చామంతి దగ్గరికి వచ్చింది.

"అమ్మా చామంతీ, ఏదీ ఆ మెడ ఇలా తిప్పు. అయ్యయ్యో! ఆ గంట పట్టెడ ఎలా కోసేసిందో చూడు. దాని మీద ఉప్పు. ఎలా ఓర్చుకుంటున్నావు తల్లీ?"

చామంతి మెడ తిప్పింది. పుట్టిన దగ్గర్నుంచి దాని మెడ వంక అలా చూసినవాళ్లు ఎవరూ లేరు.

నక్క గొంతు తగ్గించింది. "మీ సంగతి నాకు తెలుసు. భయపడకు. నేను మాత్రం ఎవరిని? నేనూ ఒకడి కింద బతికేదాన్నే. మధ్యాహ్నం నా పాదాలూ కాలుతున్నాయి. కూర్చోండి, హాయిగా కూర్చోండి. కాకపోతే ఒక్క మాట. ఈగలు ముసిరి నువ్వు తల విదిలించావనుకో, గంట మోగుతుంది. అవతలివాళ్లు ఏమనుకుంటారు?"

నిజమే! ఈగ కోసం తల విదిలిస్తే మావకి ఇచ్చిన మాట పోతుంది.

"అయితే ఏం చెయ్యను మేస్త్రీ?"

"ఏముంది, ఆ పట్టెడ విప్పేస్తాను. మెడకి నూనె రాస్తాను. సాయంత్రం మళ్లీ కట్టుకుందువు."

గంగులు దూరం నుంచి చూసి, "నూనె రాసే నక్కని నేను ఇప్పుడే చూస్తున్నాను" అని గొణిగాడు. చామంతికి వినబడలేదు. వేపనూనె చల్లగా, చేదుగా, అమ్మ నాకినట్టుగా ఉంది. కళ్లు మూసుకుంది. నక్క గంట విప్పి, నాలుక మోగకుండా పిడికిట పట్టుకుని, మెల్లగా వెళ్లిపోయింది.

నీడ కాళ్ల కిందికి వచ్చింది.

చామంతి మోకాళ్లు మడిచింది. వెనక పదహారు గాడిదలూ మడిచాయి. తోడేలు కాపలా కుక్కలు మొరిగాయి, కరిచాయి. ఎవరూ లేవలేదు. ఆవిర్ల అవతల కూడా చప్పుడు లేదు. ఒక్క ఇరుసైనా కిర్రుమనలేదు. ఆ నిశ్శబ్దం ఎంత బాగుందో! ఉప్పు పగిలే చిటపట కూడా వినబడేంత నిశ్శబ్దం. గంగులు సైతం కళ్లు తుడుచుకుని, "పిట్ట అబద్ధం చెప్పలేదే" అన్నాడు.

చామంతి అవతలి వైపే చూస్తోంది. అక్కడ కనబడకుండా మావ కూర్చున్నాడు. కాడి దించాడు. ఈ వేసవి గట్టెక్కుతాడు.

అంతలో కిర్రుమంది.

ఒక బండి. తర్వాత రెండు. తర్వాత వరసగా అన్నీ.

గాడిదల్లో కలకలం లేచింది. "లేచారు! ఎద్దులు లేచాయి!" "కొమ్ములున్నవాళ్లని నమ్మితే ఇంతే!" "మనల్ని ఇక్కడ కరిపించి, పడవ వాళ్లు నింపుకుంటున్నారు!"

"ఉండండర్రా, మావ అలా చెయ్యడు" అంది చామంతి.

"చెయ్యకపోతే ఆ చప్పుడేంటి, మీ మావ పాట పాడుతున్నాడా?" అన్నాడు గంగులు. ఇందాక చెమర్చిన ఆ కళ్లే ఇప్పుడు ఎర్రబడ్డాయి. "లేవండి. పోయేది ఎలాగూ పోయింది. పడవ కూడా పోతే తోడేలు చర్మం వలుస్తుంది."

ఒక్కొక్కటే లేచాయి. లేచి బస్తాల కింద వీపు పెట్టాయి. ఆఖరికి చామంతి కూడా లేచింది. నమ్మకం పోయి లేచిందా, ఒంటరిగా కూర్చోలేక లేచిందా, దానికే తెలియలేదు. వీపు మీద బస్తా పడ్డాక అంతా ఒకటే.

అప్పుడు వచ్చింది నక్క, ఆయాసపడుతూ, గంట పట్టుకుని. "పద తల్లీ, నీ గంట లేకపోతే వరస ఎలా నడుస్తుంది?" అంటూ పట్టెడ మెడకి చుట్టింది.

పట్టెడ తడిగా ఉంది. చామంతి తల వంచి చూసింది. నక్క కాళ్లకి మోకాళ్ల దాకా నల్లబురద. గంట నోట్లో ఒక మడచెట్టు ఆకు ఇరుక్కుని ఉంది. ఆ చెట్లు ఇవతల లేవు. దిగువన కాలవ వంపు తిరిగి అవతలి ఒడ్డుని ఆనుకునే చోట మాత్రమే ఉన్నాయి. అక్కడ మోగిన గంట అవతలికే వినబడుతుంది, ఇవతలికి వినబడదు.

"మేస్త్రీ," అంది చామంతి, "దీన్ని ఎక్కడ మోగించావు?"

నక్క దాపరికం కూడా పెట్టుకోలేదు. "తెలివైనదానివే. కాస్త ఆలస్యంగా వస్తుంది తెలివి, అంతే."

చామంతి వీపు విదిలించింది. బస్తా పడి పగిలింది. కుక్కలు వెంటబడుతుండగానే పరుగెత్తి కాలవలో దూకింది. మునిగిపోతాననుకుంది. మునగలేదు. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి, అక్కడే ఆగాయి. రాజుల మాట విని ఇన్నేళ్లు అడుగు పెట్టి చూడని కాలవ, నడిచి దాటేంత కాలవ.

అవతలి ఒడ్డున ఒక బండి ఆగి ఉంది. కాడికి ఒక వైపు తెల్లెద్దు నిలబడి ఉంది. రెండో వైపు ఎర్రన్న పడి ఉన్నాడు. నోట్లో ఉప్పు. తెరిచిన కళ్ల మీద ఎండ.

చామంతి మొదటిసారి అతన్ని దగ్గరగా చూసింది. దూరం నుంచి అనుకున్నంత పెద్దవాడు కాదు. ఎముకలే. నుదుటి మీద చిన్న తెల్లమచ్చ ఉంది. ఇన్నాళ్లూ దానికి ఆ సంగతే తెలియదు.

"మావా," అంది. "మావా, నేను వచ్చాను."

తెల్లెద్దు తల తిప్పింది. "ఇప్పుడా వచ్చేది? నీ గంట వినే మావాళ్లు లేచారు."

"గంట నాదే అన్నా. మోగించిన మెడ నాది కాదు. నక్క విప్పి తీసుకెళ్లింది."

తెల్లెద్దు దాని మెడలో తడిసిన గంట వంక చూసింది. తర్వాత మెల్లగా అంది. "మావాళ్లంతా నిన్ను తిట్టారు. ఆయన తిట్టలేదు. 'పాపం, పిల్లని ఎంత కొట్టారో, లేకపోతే లేచేది కాదు' అన్నాడు. ఎవరైనా వెళ్లి అడిగిరండి అన్నాడు. లోతుంటుందని ఎవరమూ దిగలేదు. నేనూ దిగలేదు. అందరూ లేచాక ఆయనా లేచాడు. రెండు బారలు లాగాడు, అంతే."

"మేమూ అడగలేదు అన్నా," అంది చామంతి. "ఇరుసు వినబడగానే లేచాం."

కాలవ మొగలో పడవ రెండు ఒడ్ల ఉప్పూ నింపుకుని తెరచాప ఎత్తింది. తోడేలు నక్కని మెచ్చుకుంది. ఆ వేసవంతా మిట్టమధ్యాహ్నాలు బరువులు కదులుతూనే ఉన్నాయి. ఆ రోజు మాత్రం చామంతిని కుక్కలు ఈడ్చుకుపోయేదాకా అది ఎర్రన్న మొహం మీద తన నీడ పడేలా నిలబడే ఉంది.

తోటి కష్టజీవి మాట తప్పాడని చెవిన పడితే, బరువు ఎత్తుకునే ముందు కాలవలో దిగి, వెళ్లి, వాడినే అడగాలి.