ఓబులవ్వ రాళ్ళచేను

మన తాతల తాతలకు ఇంకా మీసాలు మొలవని రోజుల్లో, ఒక కొండవాలున ఒక పల్లె ఉండేది. ఆ పల్లె చేలల్లో మట్టి కన్నా రాళ్ళే ఎక్కువ. ఆ పల్లెలో ఓబులవ్వ అనే ముసలామె ఉండేది. ఆమెకున్నవి నాలుగు మేకలు, చారెడు చేను, ఊరందరికీ సరిపడా నోరు.

ఒకసారి ఊరిపెద్ద చెన్నప్ప ఇంటికి ఏటిగట్టు పల్లె నుంచి వియ్యంకుడు వచ్చాడు. చేను చూసి పకపకా నవ్వాడు.

"ఇది చేనా బావా, రాళ్ళ కుప్పా?"

చెన్నప్పకు తల కొట్టేసినట్టయింది. మర్నాడే దండోరా వేయించాడు. చేలల్లో ఒక్క రాయి మిగలకూడదు, అన్నీ ఏరి కొండ కింది వాగువంకలో పారేయాలి!

ఓబులవ్వ ఉరుకులు పరుగుల మీద వచ్చింది. ఒక రాయి తిరగేసి చూపించింది. కింద నేల తడిగా ఉంది. వానపాములు మెలికలు తిరుగుతున్నాయి. చీమలు గుడ్లు మోసుకుని అటూ ఇటూ పోతున్నాయి.

"సూడు చెన్నప్పా! రాయి ఎండను ఆపుతాది, అడుగున తడి నిలుస్తాది. తడి ఉంటే వానపాము ఉంటాది. వానపాము నేలను గుల్ల చేస్తేనే కొర్రకు వేరు దిగుతాది. రాళ్ళ జోలికి పోవద్దు నాయనా!"

"పానం లేని రాయికీ కొర్రకూ ఏం సుట్టరికం అవ్వా?" అన్నాడు చెన్నప్ప. ఊరంతా నవ్వింది.

ఓబులవ్వ నెత్తి కొట్టుకుంది. "సెప్పి సెప్పి నా నోరు నొప్పెడతాంది!" ఊరు రాళ్ళన్నీ ఏరి వంకలో పోసింది, ఓబులవ్వ మాత్రం తన చేలో ఒక్కటీ ముట్టనివ్వలేదు.

మొదటి ఏడు వాన పడింది. అడ్డం పడే రాయి లేక నీళ్ళు ఒక్క పరుగున వంకలోకి పోయాయి. ఎండ కాయగానే నేల అట్ట కట్టింది. "రాళ్ళు తెచ్చి పెట్టండిరా" అంది ఓబులవ్వ. వినలేదు.

రెండో ఏడు వానపాములు పోయాయి, చీమలు పోయాయి, వాటి కోసం వాలే పిట్టలూ పోయాయి. పిట్టలు లేవని పురుగు పండగ చేసుకుంది. "రాళ్ళు తెచ్చి పెట్టండిరా" అంది ఓబులవ్వ. వినలేదు. ఏం చెప్పమంటారు వాళ్ళతో!

మూడో ఏడు గాలి లేచింది. మెత్తటి మట్టినీ, అందులో చల్లిన విత్తనాన్నీ కలిపి ఎత్తుకుపోయింది.

ఊరు మూటలు కట్టుకుంది. ఓబులవ్వ చేలో మాత్రం రాళ్ళ సందుల్లో కొర్ర పచ్చగా నిలబడి ఉంది. అయినా ఆమెకు సంతోషం లేదు. దిగులు పట్టుకుంది. ఈ వెధవలంతా వెళ్ళిపోతే తను ఎవరి మొహం చూసి బతకాలి? ఎవర్ని తిట్టాలి?

వెళ్ళి బండ్లకు అడ్డంగా కూర్చుంది. "యాడికి పోతార్రా? ముందు రాళ్ళు తెండి!"

ఈసారి చెన్నప్ప తల వంచుకున్నాడు. "తెస్తాం అవ్వా."

తెచ్చారు. వంకలోని రాళ్ళన్నీ బండ్లకెత్తి తెచ్చి, చేలనిండా మోకాలెత్తున గుమ్మరించారు. విత్తనం వేద్దామంటే నేల కనబడితే కదా!

ఓబులవ్వకు ఒళ్ళు మండిపోయింది. "తీస్తే అన్నీ తీస్తిరి, ఏస్తే కుప్పలేస్తిరి! నడిస్తే కాలికి మట్టీ తగలాల, రాయీ తగలాల. అంతమాత్రం తెలీదా మీకు?"

కొంగు బిగించి తనే చేలోకి దిగింది. ఒక్కో రాయి ఎత్తింది, ఎడం ఎడంగా పెట్టింది, ఒక తిట్టు తిట్టింది. ఎత్తింది, పెట్టింది, తిట్టింది. సిగ్గుపడి ఊరంతా ఆమె వెనకాలే వంగింది.

ఆ ఏడు తడి నిలిచింది. పై ఏడు వానపాములు తిరిగొచ్చాయి. ఆ పై ఏడు పిట్టలు వాలాయి, కొర్ర నడుమెత్తు పెరిగింది. కోత అయిన వారానికి ఓబులవ్వ కన్నుమూసింది.

ఊరంతా గొల్లుమంది. అవ్వకు పెద్ద సమాధి కట్టాల్సిందే అన్నాడు చెన్నప్ప. గంప పట్టుకుని రాళ్ళ కోసం చేలోకి వెళ్ళాడు. వంగి ఒక రాయి ఎత్తాడు. కింద తడి మెరుస్తోంది. కాసేపు చూశాడు. దాన్ని ఎక్కడిదక్కడే మెల్లగా పెట్టేసి, ఖాళీ గంపతో తిరిగొచ్చాడు.

"నా వల్ల కాదప్పా. ఒక్కటి తీసినా అవ్వ లేచొచ్చి తిడతాది" అని ఏడ్చాడు.

అందుకే ఆ పల్లెలో ఓబులవ్వకు సమాధి లేదు. ఇప్పటికీ అక్కడ నాగలికి రాయి తగిలితే ఎవరూ విసుక్కోరు. ఎద్దుల్ని ఆపి, "అవ్వ ఉండాది, పక్కకు తిప్పు" అంటారు.