పిలిస్తే వచ్చిన కుక్కలు

చౌడయ్య గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. అడిగినవాడికి ఏదో ఒక పని అప్పగించేవారు. ఆ పని ముగిశాక కూడా ప్రశ్న మిగిలి ఉంటే అప్పుడు మాట్లాడదాం అనేవారు. బద్వేలుకు పడమట కొండ వాలులో ఉన్న ఆయన ఆశ్రమానికి వచ్చిపోయే వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. పెంచలయ్యకు మరీ బాగా తెలుసు. అతను ఎనిమిదేళ్ళ కిందట బట్టల కొట్టు తమ్ముడికి అప్పజెప్పి వచ్చి, అప్పటినుంచీ అక్కడే ఉంటూ వంటశాల చూసుకుంటున్న శిష్యుడు.

పెంచలయ్య మెత్తని మనిషి. మధ్యాహ్నం పంక్తి లేచాక మిగిలిన అన్నమూ పప్పూ ఒక గంగాళంలో కలిపి, పెరటిగోడ అవతలికి మోసుకెళ్ళి కుక్కలకు పెట్టేవాడు. మొదట్లో అవి రెండే. తర్వాత ఊళ్ళోంచి మరికొన్ని వచ్చి చేరాయి. ఆ మీదట టౌనువాళ్ళు తమకు అక్కర్లేని కూనల్ని గోనెసంచుల్లో తెచ్చి ఆశ్రమం దగ్గర వదిలిపోవడం మొదలుపెట్టారు. చూస్తూ ఉండగానే పన్నెండయ్యాయి. అన్నిటికీ అతను పేర్లు పెట్టాడు. నుదుట తెల్లమచ్చ ఉన్న ఆడకుక్క పేరు చుక్క. అది అతని అరచేతిలోంచే తినేది.

ఆశ్రమానికీ ఊరికీ మధ్య ఒక వంక, ఇసుక నిండిన చిన్న ఏరు. వంక అవతల ఓబుళమ్మ మేకలు మేపుకుని బతుకుతుంది. ఒంటరి మనిషి. ఆమె రెండుసార్లు వచ్చి చెప్పి చూసింది. "అన్నా, నీ కుక్కలు నా మేకపిల్లల దిక్కు సూసే సూపు బాగలేదు." పెంచలయ్య నవ్వి, కడుపునిండా తింటున్నాయి కదా, వాటికి నీ మేకలతో ఏం పని అన్నాడు. కొన్నాళ్ళకు ఊళ్ళో ఒకరి గొర్రెపొట్టేలు తొడ చీలి కనబడింది. ఊరివాళ్ళు కూర్చుని, విషపు గుళికల మందు కలిపిన మాంసం ఆశ్రమం గోడ పక్కన పెట్టాలని నిర్ణయించుకున్నారు. ఆ మాట చెవిన పడగానే పెంచలయ్య గురువుగారి దగ్గరికి పరుగెత్తాడు.

"స్వామీ, ఆకలితో ఉన్న జీవానికి ఇంత అన్నం పెట్టడంలో దోషం ఏమైనా ఉందా? మీరు ఊరివాళ్ళకు గట్టిగా చెప్పాలి."

"ఊరివాళ్ళను వారం రోజులు ఆగమని కబురు పంపుతాను. ఓబుళమ్మ రేపు కంటి ఆపరేషనుకు కడప పోవాలి. మేకల్ని చూసేవాళ్ళు లేక ఎన్నాళ్ళుగానో వాయిదా వేస్తోంది. మూడు రోజులు వాటిని నువ్వు మేపు" అన్నారు చౌడయ్య గారు.

మొదటిరోజు హాయిగా గడిచిపోయింది. పద్దెనిమిది మేకలు. వాటిలో చెవుల మీద మచ్చలున్న చూడి మేక ఒకటి నెలలు నిండి నిదానంగా నడిచేది. దాన్ని మిట్టలెక్కించొద్దని ఓబుళమ్మ పోతూ పోతూ చెప్పింది. పెంచలయ్య దాని అడుగులో అడుగు వేసి నడిచాడు. వంటశాల పొగ లేకుండా ఒక పగలు గడపడం అతనికి సెలవురోజులా తోచింది.

రెండోరోజు మధ్యాహ్నం మేకలు వంక గట్టున తుమ్మకాయలు ఏరుకుంటున్నాయి. అప్పుడు అటు గట్టు మీద చుక్క కనబడింది. దాని వెనక మరొకటి, ఆ వెనక అన్నీ. పంక్తి లేచే వేళ దాటినా గంగాళం రాకపోయేసరికి అతని వాసన పట్టి వెతుక్కుంటూ వచ్చాయి. వాటిని చూసి పెంచలయ్యకు సంతోషం కలిగింది. ఒక్కరోజు కనబడకపోతే ఎంత బెంగపెట్టుకున్నాయో అనుకున్నాడు. నోట్లో రెండు వేళ్ళు పెట్టి ఈల వేశాడు. పేరు పేరునా పిలిచాడు. అవి తోకలు ఆడిస్తూ ఇసుకలోంచి పరుగున వచ్చాయి.

వాటిని చూసి ఒక మేకపిల్ల బెదిరి పరుగు తీసింది. పరుగెత్తేదాన్ని చూసి ఒక కుక్క వెంటపడింది. అంతే. మిగిలినవన్నీ దాని దారే పట్టాయి. మొరుగు లేదు. అంత నిశ్శబ్దంగా కుక్కలు పరుగెత్తగలవని అతనికి అంతవరకూ తెలియదు. మేకలు చెల్లాచెదరై ముళ్ళకంపల్లో దూరాయి. చూడి మేక పరుగెత్తలేక నిలబడిపోయింది. దాని గొంతు పట్టుకున్నది చుక్క.

పెంచలయ్య చేతిలో కర్ర ఉంది. దాన్ని ఎత్తాలన్న సంగతి అతనికి తోచలేదు. పేర్లు పెట్టి అరిచాడు. ఇన్నేళ్ళూ ఆ పేర్లతో పిలిచింది అన్నానికే కాబట్టి, కాసేపటికి అవి చేసేపని వదిలిపెట్టి అతని దగ్గరికి వచ్చాయి. వచ్చి చుట్టూ కూర్చున్నాయి. మూతులన్నీ ఎర్రగా తడిసి ఉన్నాయి. తోకలు ఇసుకలో ఊగుతున్నాయి. చుక్క ఎప్పటిలాగే ముందుకు జరిగి అతని అరచేతిని నాకింది.

అరచేతికి అంటినదాన్ని చూస్తూ ఎంతసేపు నిలబడ్డాడో అతనికి తెలియలేదు. చూడి మేక పొట్ట ఇంకా కదులుతోంది. అది ఊపిరి కాదని, లోపలి పిల్ల కదలిక అని అర్థమయ్యాక అతను దాని పక్కకు చేరాడు. ఆ కదలిక ఆగేదాకా దాని మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. ఏం చేయాలో తెలిసినవాడైతే ఆ పిల్లనైనా కాపాడి ఉండేవాడేమో. అతనికి తెలిసింది అన్నం కలపడం ఒక్కటే.

చచ్చిన మేక ఒకటి, మందలోని పిల్లలు రెండు. మిగిలిన పదిహేనింటినీ కంపల్లోంచి ఒక్కొక్కటిగా లాగి దొడ్లోకి తోలేసరికి పొద్దు వాలింది. చచ్చిన పిల్లల్లో ఒకదాన్ని భుజాన వేసుకుని అతను ఆశ్రమానికి నడిచాడు. అతని వెనకే పన్నెండు కుక్కలూ వరసగా నడిచాయి. పొలాల్లో పనిచేసుకునేవాళ్ళు నడుములెత్తి చూశారు.

చౌడయ్య గారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. అతని భుజం మీదిది చూశారు, వెనకాల వచ్చినవాటిని చూశారు. స్తంభం పట్టుకుని లేచారు.

"స్వామీ, ఆ గుళికల మందు ఎవరి దగ్గరుందో చెప్పండి. నేనే కలిపి పెడతాను. నా చేతిలోంచి అయితే అన్నీ తింటాయి" అన్నాడు పెంచలయ్య.

"నిన్ను అక్కడికి పంపింది నేను" అన్నారు గురువుగారు. "నువ్వు పెట్టిన అన్నం వండించిందీ నేనే. ఆమె కష్టమేమిటో నీకు తెలియాలనుకున్నాను గానీ, నీ వెనక ఇవి వస్తాయని నాకు తోచలేదు." అతని భుజం మీది పిల్లను దించి అరుగు మీద పెట్టారు. "మొన్న అన్నిటినీ కాపాడమన్నావు. ఇవాళ అన్నిటినీ చంపుతానంటున్నావు. రెండుసార్లూ ఓబుళమ్మను అడగలేదు. రేపు సాయంత్రం వస్తుంది. అప్పటిదాకా వీటిని గోడ లోపలే ఉంచు."

మర్నాడు సాయంత్రం ఓబుళమ్మ నల్లద్దాలు పెట్టుకుని బస్సు దిగింది. ఊళ్ళోవాళ్ళు దారిలోనే చెప్పేశారు. ఆమె నేరుగా దొడ్డికి పోయి, ఉన్న మేకల్ని ఒక్కొక్కదాన్నీ తడిమి చూసుకుంది. పెంచలయ్య దొడ్డి వాకిట నిలబడి ఉన్నాడు.

"ఆ సూడిమేక అరిసిందా?" అని అడిగింది.

"అరిచింది."

"నువ్వు యాడుండావు?"

"అక్కడే ఉన్నాను."

ఆమె మళ్ళీ మేకల వైపు తిరిగింది. తిట్టి ఉంటే బాగుండునని పెంచలయ్యకు అనిపించింది. ఆమె తిట్టకపోయేసరికి, తాను మందు పెట్టదలచిన సంగతి చెప్పాడు. ఓబుళమ్మ అద్దాలు సవరించుకుంది.

"మందు తిన్న కుక్క వంకలో పడి సస్తే, ఆ నీళ్ళే గదన్నా నా మేకలు తాగేది. కాకి తింటాది, ఇంకో ఇంటి కుక్క తింటాది. నీ కళ్ళ ముందు లేకుండా పోతే సాలని నీకుండొచ్చు. నాకు అది సాలదు." ఆమె దొడ్డి తడిక మూసింది. "అవి ఊళ్ళో ఎవరి సేతికీ సిక్కవు. నీ సేతికి సిక్కుతాయి. నువ్వే కట్టేయ్. బతికినన్నాళ్ళు నువ్వే కాపలా కాయి."

పెంచలయ్య ఆ పని చేశాడు. మండలం పశువుల డాక్టరు వచ్చి చెప్పినట్టల్లా, పేరు పెట్టి పిలిచి ఒక్కొక్కదాని మెడకూ తాడు వేశాడు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు, పిచ్చికుక్క రోగం రాకుండా సూదులు అన్నీ అయ్యేసరికి నెల పట్టింది. వారం గడువు దాటినా, గోడ లోపల జరుగుతున్నది చూసి ఊరివాళ్ళు మందు మాట మళ్ళీ ఎత్తలేదు. తాడు వేసేటప్పుడు ఒక్క కుక్క కూడా పెనుగులాడలేదు. చుక్క అయితే తలవంచి మెడ ఇచ్చింది. రక్తం రుచి మరిగినవాటిని ఇక ఎన్నడూ వదలొద్దని డాక్టరు అన్నాడు. ఆశ్రమం పెరట్లో నిలువెత్తు గోడ కట్టి వాటిని అందులో ఉంచారు. వంటశాలలో బియ్యం మనుషుల లెక్కకే పోస్తున్నారు, కుక్కలకు వేరే వండుతున్నారు. గోనెసంచులతో వచ్చేవాళ్ళను వాకిట్లోనే ఆపుతున్నారు. ఓబుళమ్మ దొడ్డి చుట్టూ పెంచలయ్య ఛాతీ ఎత్తున కంప నాటాడు. అతని ముంజేతుల మీద ఆ గీరలు ఇప్పటికీ ఉన్నాయి. చుక్కకు మాత్రం పళ్ళెంలోనే పెడతాడు. అది చేతి కోసం మూతి చాస్తే అతని చెయ్యి దానంతటదే వెనక్కి పోతుంది.

ఏడాది తిరిగాక నెల్లూరు నుంచి ఒక పెద్దమనిషి ఆశ్రమానికి వచ్చాడు. పెరట్లో కుక్కల్నీ, వాటికి నీళ్ళు పోస్తున్న పెంచలయ్యనూ చూసి ఆయన చేతులు జోడించాడు. నోరులేని జీవాలను ఇంత శ్రద్ధగా సాకుతున్నారు, దీన్ని మించిన పుణ్యం ఏముంటుంది స్వామీ అన్నాడు. పెంచలయ్య బిందె అక్కడే పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

చౌడయ్య గారు ఆ పెద్దమనిషి వైపు తిరిగారు.

"వంక అవతల ఓబుళమ్మ అని ఒకామె మేకలు మేపుతూ ఉంటుంది. ఆ మాట ఆమెతో అని, ఏమంటుందో విని రండి. ఇది పుణ్యమో కాదో నేను ఆమెను ఇంతవరకూ అడగలేకపోయాను."